మూరెడు దూరం

(ఇంటివద్ద వాడే వైద్య పర్యవేక్షణ పరికరాలకు రేడియో అలజడి తగలకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను గురించి పాలకోడులో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను, ఇంజనీరునూ కాను. పురపాలక ప్రకటనలను, కరపత్రాలను తమిళం నుంచీ ఇంగ్లీషు నుంచీ తెలుగులోనికి మార్చడం నా వృత్తి. తెలుగులో ఎం.ఏ. చదివినవాణ్ణి. వైద్య పరికరాలను గురించి మీ ముందు మాట్లాడే అవకాశం నాకు ఒక తప్పు వలన వచ్చింది. ఆ తప్పు నాదే. దానితోనే మొదలుపెడతాను.

కొంతకాలం క్రిందట, గుండెను పరిశీలించే పరికరాన్ని ధరించి ఇంటికి వెళ్ళే రోగుల కోసం ఒక కరపత్రాన్ని తెలుగు చేశాను. రొమ్ముపై అతికించిన పట్టీల నుంచి సన్నని తీగలు వచ్చి ఒక చిన్న పెట్టెలో చేరుతాయి. ఆ పెట్టెను సంచిలో వేసి నడుముకో మెడకో తగిలిస్తారు. ఇరవై నాలుగు గంటలపాటు గుండె లయ అందులో నమోదవుతుంది. దీనిని హోల్టర్ అంటారు. ఇంగ్లీషు ప్రతిలో ఉన్న ఒక హెచ్చరికకు నేను మొదట "రేడియో తరంగాల వ్యతికరణం" అని వ్రాశాను. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఆ మాటను కాంతి తరంగాల కలయికను చెప్పడానికి వాడుతాయి. తరగతిగది వెలుపల దానిని పలికేవారు లేరు. అందుచేత దానిని కొట్టివేసి, "రేడియో అంతరాయం కలగకుండా జాగ్రత్త వహించండి" అని మార్చాను. వాక్యం సులభంగా ఉన్నదని సంతోషించాను.

ఆ కరపత్రాన్ని అందుకొన్నవారిలో మన పాలకోడులోని ఒక అవ్వ ఉన్నారు. ఆమెకు అప్పుడప్పుడు కళ్ళు తిరిగేవి. కారణం తెలుసుకోవడానికే వైద్యులు పరికరాన్ని తగిలించారు. కొన్నాళ్ళకు ఆమెను కలిసినప్పుడు ఎంతో నమ్మకంగా చెప్పారు: "నువ్వు రాసినట్టే చేసినాను నాయనా. రేడియోను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించినాను." మరి సెల్‌ఫోను ఎక్కడ పెట్టుకొన్నారని అడిగాను. "అదెక్కడికి పోతుంది? మెడలో ఆ సంచి ఉండె గదా, అందులోనే వేసుకొని పండుకొన్నాను. నా కొడుకు బెంగళూరులో రాత్రి పనిలో ఉంటాడు. ఎప్పుడు పిలుస్తాడో ఏమో!"

ఆ రాత్రి నమోదులో కొంత భాగం చదవడానికి వీలులేకుండా పోయింది. ఆమె కళ్ళు తిరిగి మంచంపై లేచి కూర్చొన్న సమయం కూడా సరిగా ఆ భాగంలోనే పడింది. పరికరాన్ని మళ్ళీ ఒక రోజు ధరించవలసి వచ్చింది. కారణం ఫోనేనని వైద్యుడు తేల్చి చెప్పలేదు. చెమటకు పట్టీ వదులైనా నమోదు అలాగే చెడిపోవచ్చునన్నారు. న్యాయమైన మాట అది. అయినా ఒక సంగతి మాత్రం నిజం. నా వాక్యాన్ని నమ్మి ఆమె ఏ హానీ చేయని వస్తువును అటక ఎక్కించారు. దూరంగా పెట్టవలసిన దానిని గుండెకు ఆనించుకొన్నారు.

ఆమె పొరపాటు పడలేదు. మన భాషలో రేడియో అంటే వినేది. ఆకాశవాణి అన్నా, తమిళంలో వానొలి అన్నా చెవికి సంబంధించిన మాటలే. 'అంతరాయం' అంటే కార్యక్రమం మధ్యలో ఆగిపోవడం. "అంతరాయానికి చింతిస్తున్నాము" అన్న ప్రకటనను దూరదర్శన్‌లో చూసి పెరిగినవాళ్ళం మనం. ఆ రెండు మాటలూ కలిస్తే, పాటలు వచ్చే పెట్టెను కట్టివేయమన్న అర్థమే వస్తుంది. వైద్య పరికరాల హెచ్చరికలలో 'రేడియో' అన్న మాటకు అర్థం వేరు. గాలిలోనికి తరంగాలను పంపే ప్రతి వస్తువూ అక్కడ రేడియోయే. సెల్‌ఫోను, వాకీటాకీ, వైఫై పెట్టె, బ్లూటూత్ ఇయర్‌ఫోను అన్నీ ఆ కోవలోనివే. పాటల ట్రాన్సిస్టరు ఎక్కడి నుంచో వచ్చే తరంగాలను వింటుంది. సెల్‌ఫోను వింటుంది, పలుకుతుంది కూడా. అలజడి ముఖ్యంగా పలికేదాని నుంచి వస్తుంది. ఈనాటి నా ప్రసంగంలో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇది ఉంచుకోండి.

ఇక, ఫోను పలుకు గుండె పరికరానికి ఎందుకు తగులుతుందో చెబుతాను.

గుండె కొట్టుకొన్నప్పుడల్లా ఒక సన్నని విద్యుత్తు పుడుతుంది. చర్మంపై దానిని కొలిస్తే సుమారు ఒక మిల్లీవోల్టు ఉంటుంది. అంటే వోల్టులో వెయ్యవ వంతు. టార్చిలైటులో వేసే బ్యాటరీ ఒకటిన్నర వోల్టులది. మన టమాటా మండీలో తెల్లవారుజామున వేలంపాట సాగుతూ ఉంటే, పక్కవాడు చెవిలో చెప్పిన రహస్యాన్ని వినడానికి ఎంత కష్టపడతామో, ఈ పరికరం గుండె మాటను వినడానికి అంత శ్రమపడుతుంది. అందుకోసం ఆ సంకేతాన్ని ఎన్నో రెట్లు పెంచుకొంటుంది. ఆ సమయంలో దగ్గరలోనే ఫోను పలికితే, రొమ్ముపైనున్న తీగలే ఏరియల్ అవుతాయి. ఫోను తరంగం ఆ తీగల గుండా లోనికి దిగి, గుండె సంకేతంతోపాటు తానూ పెరుగుతుంది. అప్పుడు కాగితంపై లేని దడ కనిపించవచ్చు, ఉన్న దడ మరుగునపడవచ్చు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. గుండె సంకేతాన్ని దూరానికి మోసుకువెళ్ళినవి కూడా ఇటువంటి సాధనాలే. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త 1905లో ఆసుపత్రిలోని రోగి గుండె సంకేతాన్ని టెలిఫోను తీగ మీదుగా సుమారు కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించాడు. 1940ల చివర అమెరికాలో నార్మన్ హోల్టర్ గుండె సంకేతాన్ని రేడియో ద్వారా పంపే యంత్రాన్ని వీపున మోసి చూపించాడు. దాని బరువు సుమారు 38 కిలోలు. ఈనాటి అరచేతి పెట్టెకు అతని పేరే నిలిచింది. మన తెలుగునేలపై, చిత్తూరు జిల్లా అరగొండలో, 2000 మార్చి 24న గ్రామీణ టెలీమెడిసిన్ కేంద్రం ప్రారంభమైంది. ఆ ఊరు అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకులు ప్రతాప్ సి. రెడ్డిగారి స్వగ్రామం. అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దానిని ప్రారంభించారు. అందుచేత రేడియో తరంగం రోగికి శత్రువని నేను చెప్పడం లేదు. ఒకే గాలిని ఎందరో పంచుకొంటున్నప్పుడు, ఎవరు ఎంత దగ్గరగా, ఎంత గట్టిగా పలకాలన్నదే మన ప్రశ్న.

ఈ ప్రశ్నను పట్టించుకోకపోతే ఏమవుతుందో తెలిపే రెండు సంఘటనలు ఉన్నాయి.

మొదటిది 1990ల ఆరంభంలో అమెరికా వైద్య నియంత్రణ అధికారుల దృష్టికి వచ్చినది. ఒక అంబులెన్సులో గుండె రోగిని ఆసుపత్రికి తీసుకువెళుతున్నారు. గుండెను చూపుతూ, అవసరమైతే విద్యుత్తుతో దాని లయను సరిచేసే యంత్రాన్ని తగిలించారు. సిబ్బంది సలహా కోసం వైద్యునితో రేడియోలో మాట్లాడినప్పుడల్లా ఆ యంత్రం ఆగిపోయింది. రోగి దక్కలేదు. తరువాత పరిశీలిస్తే, ఆ వాహనం పైకప్పు లోహంతో కాక ఫైబర్‌గ్లాసుతో చేసినదనీ, దానిపై దూరప్రాంతాలకు పలికే ఏరియల్ అమర్చారనీ తేలింది. లోహపు కప్పు ఉంటే తరంగాన్ని చాలావరకు పైనే ఆపేది. ఫైబర్‌గ్లాసు దానిని లోనికి రానిచ్చింది. ప్రాణం కాపాడడానికి చేసిన పిలుపే ప్రాణం కాపాడే యంత్రానికి అడ్డుపడింది.

రెండవది 1998 ఫిబ్రవరి 27న డల్లస్ నగరంలో జరిగింది. ఈనాడు మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న నగరమది. అక్కడి ఒక టెలివిజన్ కేంద్రం కొత్త డిజిటల్ ప్రసారాన్ని పరీక్షగా మొదలుపెట్టింది. అంతవరకు ఖాళీగా ఉన్న ఆ చానల్‌నే బేలర్ ఆసుపత్రిలోని తీగలేని గుండె మానిటర్లు వాడుకొంటున్నాయి. ప్రసారం మొదలుకాగానే ఆ మానిటర్లు పనిచేయలేదు. కారణం తెలిసిన వెంటనే టెలివిజన్ కేంద్రం పరీక్షను ఆపివేసింది. రోగులకు హాని జరగలేదు. ఇక్కడ ఇద్దరూ తప్పు చేయలేదు. ఒకే దారిలో ఇద్దరు ఎదురుపడ్డారు, అంతే. ఆ అనుభవం తరువాత 2000లో అమెరికా ప్రభుత్వం వైద్య మానిటర్ల కోసం ప్రత్యేకంగా కొన్ని తరంగ పట్టీలను కేటాయించింది.

మన ఇళ్ళలో వాడే తీగలేని పరికరాలకు అటువంటి ప్రత్యేక దారి సాధారణంగా ఉండదు. వాటిలో చాలా భాగం బ్లూటూత్, వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే పలుకుతాయి. ఆ పట్టీని మన ప్రభుత్వం 2005లో లైసెన్సు అవసరం లేకుండా అందరికీ తెరిచింది. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ పట్టీలోనే పనిచేస్తుంది. ఊరి పెద్దవీధి వంటిదన్నమాట. అందరూ నడవవచ్చు, కాని సర్దుకొని నడవాలి.

ఇదంతా పెద్ద నగరాల వ్యవహారమని అనుకోకండి. తమిళనాడు ప్రభుత్వం ఇంటింటికీ వైద్యాన్ని తీసుకువెళ్ళే 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని 2021 ఆగస్టు 5న ప్రారంభించినది మన పొరుగునున్న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. రక్తపోటు యంత్రం, చక్కెర కొలిచే యంత్రం ఇప్పుడు మన గడపలోనికి వచ్చాయి. కొన్ని ఇళ్ళలో ఆక్సిజన్ కొలిచే వేలిపట్టు ఉంది. మోచేతి పైభాగంలో చక్కెర కొలిచే బిళ్ళను అతికించుకొన్నవారూ ఉన్నారు. ఆసుపత్రిలోనైతే నర్సు ఉంటుంది, సాంకేతిక నిపుణుడు ఉంటాడు. ఇంట్లో ఆ బాధ్యత కోడలిది, మనుమడిది.

పరికరాల తయారీదారులు చేయవలసినది వారు చేస్తున్నారు. ఐఈసీ 60601-1-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఇందుకోసమే ఉంది. 2014లో వెలువడిన దాని నాలుగవ కూర్పు ఆసుపత్రికంటే ఇంటిలో వాడే పరికరానికి ఎక్కువ ఓర్పును కోరింది. ఆసుపత్రి పరికరాన్ని మీటరుకు 3 వోల్టుల తరంగ బలంతో పరీక్షిస్తే, ఇంటి పరికరాన్ని 10 వోల్టులతో పరీక్షించాలన్నది. ఇంట్లో ఎవరు ఏ వస్తువును ఎక్కడ పెడతారో ఎవరికీ తెలియదు కదా! ఫోను వంటివి అతి దగ్గరగా వచ్చినప్పటి పరీక్షలను కూడా చేర్చింది. ఆ ప్రమాణాన్ని పాటించే పరికరాల పుస్తకాలలో, చేతిలో పట్టుకొనే ప్రసార సాధనాలను 30 సెంటీమీటర్లకంటే దగ్గరకు తేవద్దన్న హెచ్చరిక కనిపిస్తుంది.

ముప్పై సెంటీమీటర్లను మంచం మీద పడుకొన్నవారు ఎట్లా కొలుస్తారు? మనకు మూర ఉంది. మోచేతి నుంచి నడివేలి కొన వరకు ఉండే కొలత. సంతలో మల్లెపూలు కొనే ప్రతి తల్లికీ తెలిసినదే. అది సుమారు 45 సెంటీమీటర్లు. అంటే పుస్తకం అడిగిన దూరం వచ్చి, ఇంకా కొంత మిగులుతుంది. పరికరానికీ ఫోనుకూ మధ్య మూరెడు దూరం తప్పనిసరి. పాత పరికరమైతే రెండు మూరలు ఉంచండి. రెండు వాట్ల శక్తితో పలికే పాతతరం ఫోను మీటరు దూరంలో కలిగించే తరంగ బలం మీటరుకు సుమారు 10 వోల్టులు. దూరం రెట్టింపైతే ఆ బలం సగమవుతుంది. ఖర్చులేని మందు ఇది.

ఫోను గురించి మరొక విషయం. టవరు సంకేతం బాగా అందితే ఫోను మెల్లగా పలుకుతుంది. గీతలు ఒకటో రెండో ఉన్నచోట తన పూర్తి శక్తితో అరుస్తుంది. రెండింటి మధ్య తేడా వందల రెట్లు ఉండవచ్చు. కొండల నడుమ ఉన్న మన పల్లెలలో, లోపలి గదులలో ఇది ముఖ్యం. రోగి మంచాన్ని కదపలేకపోయినా ఫోనును కిటికీ దగ్గరకు చేర్చవచ్చు. దానివలన దూరమూ పెరుగుతుంది, ఫోను అరుపూ తగ్గుతుంది.

ఇక ఇంట్లో చేయవలసినవి వరుసగా చెబుతాను.

ఒకటి. ఫోనును పరికరపు సంచిలో, జేబులో, దిండు కింద పెట్టవద్దు. మాట్లాడేటప్పుడు పరికరం లేనివైపు చెవికి పెట్టుకోండి. స్పీకరులో మాట్లాడితే ఇంకా మంచిది.

రెండు. వైఫై పెట్టెను రోగి తలవైపు పెట్టవద్దు. తీగలేని పరికరం వాడుతున్నప్పుడు మైక్రోవేవ్ పొయ్యి పక్కన నిలబడవద్దు.

మూడు. వాకీటాకీ ఫోనుకంటే గట్టిగా పలుకుతుంది. కాపలా పనిచేసేవారు, ఉత్సవాలలో స్వచ్ఛంద సేవ చేసేవారు రోగి ఉన్న గదిలో దాని మీట నొక్కవద్దు. బయటకు వచ్చి మాట్లాడాలి.

నాలుగు. మిక్సీ, కుట్టుమిషను మోటారు, నాసిరకం ఛార్జరు, ఇన్వర్టరు వంటివి తరంగాలు పంపడానికి చేసినవి కావు, అయినా అలజడి పుట్టిస్తాయి. పరికరాన్ని వాటికి దూరంగా ఉంచండి. గోడ ప్లగ్గుతో నడిచే మానిటరైతే, ఎర్తింగు సరిగా ఉన్న ప్లగ్గునే వాడండి.

ఐదు. హోల్టర్ ధరించినవారికి ఒక చిన్న పుస్తకం ఇస్తారు. ఎప్పుడు మెట్లు ఎక్కారో, ఎప్పుడు కళ్ళు తిరిగాయో అందులో వ్రాయాలి. దానితోపాటు ఎప్పుడు ఫోను మాట్లాడారో, ఎప్పుడు మోటారు వేశారో కూడా వ్రాయండి. కాగితంపై వింత గీత కనిపిస్తే, అది గుండెదో గాలిదో తేల్చడానికి వైద్యునికి ఆ ఒక్క పంక్తి చాలవచ్చు.

ఆరు. సంఖ్య వింతగా వస్తే ముందు మనిషిని చూడండి. ఊపిరి ఎలా ఉంది, మాట ఎలా ఉంది, ఒళ్ళు చల్లబడిందా అని చూడండి. తరువాత పట్టీలు ఊడిపోయాయేమో చూడండి. వేలిపట్టులో తప్పుడు సంఖ్య రావడానికి రేడియోకంటే చల్లబడిన వేలు, గోళ్ళరంగు కారణమయ్యే అవకాశమే ఎక్కువ. ఫోనును దూరం జరిపి మళ్ళీ కొలవండి. అనుమానం మిగిలితే వైద్యుని అడగండి. యంత్రం మీద అనుమానంతో మందు మానవద్దు, పెంచవద్దు.

జాగ్రత్త చెప్పిన నోటితోనే అతిజాగ్రత్త వద్దని కూడా చెప్పాలి. ఈ మాటలు విని ఎవరూ ఫోను ఆపివేసి పడుకోవద్దు. రాత్రివేళ 108కి పిలుపు వెళ్ళేది దాని నుంచే. మన ఆంధ్రలో 2005లో మొదలైన ఆ సేవ తమిళనాడులో 2008 నుంచి ఉంది. అక్కడా ఇక్కడా అదే సంఖ్య. మరొక సంగతి. చక్కెర బిళ్ళ వంటి కొన్ని పరికరాలు తమ లెక్కను బ్లూటూత్ ద్వారా ఫోనుకే పంపుతాయి. అటువంటి ఫోను పరికరానికి జత. అది గదిలోనే ఉండాలి. వాటి పుస్తకం ఎంత దూరం చెబితే అంతే పాటించండి. పేస్‌మేకర్ ఉన్నవారు ఫోనును దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచుకోవాలి. రొమ్ము జేబులో వేసుకోకూడదు. అంతకుమించి భయపడనక్కరలేదు.

ఇంటి గడప దాటిన బాధ్యత ఒకటి ఉంది. సంకేతం అందడం లేదని కొందరు దుకాణాలలో, ఇళ్ళలో సిగ్నల్ బూస్టర్లు కొని తగిలించుకొంటున్నారు. ప్రైవేటు వ్యక్తులు వాటిని గానీ జామర్లను గానీ కొనడం, అమ్మడం, వాడడం చట్టవిరుద్ధమని కేంద్ర టెలికాం శాఖ 2022లో హెచ్చరించింది. అనుమతిలేని ప్రసార సాధనాన్ని ఉంచుకోవడం మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ చట్టం కాలం నుంచే నేరం. చట్టం మాట అలా ఉంచండి. మనకు రెండు గీతలు పెరగాలని తగిలించిన పెట్టె వీధి చివరి ఇంటివారికి సంకేతం చెడగొట్టవచ్చు. ఆ ఇంట్లో ఆ రాత్రి 108కి ఫోను చేయవలసినవారు ఉండవచ్చు. సంకేతం అందకపోతే ఫోను కంపెనీకి ఫిర్యాదు చేయడమే సరైన దారి.

చివరిగా నా తప్పు సంగతి. ఆ కరపత్రంలోని వాక్యాన్ని మార్చాను. ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: "ఈ పరికరానికి మూరెడు దూరం లోపల సెల్‌ఫోను గానీ, వాకీటాకీ గానీ పెట్టవద్దు. పాటలు వినే రేడియో వల్ల భయం లేదు." పండితులకు ఇందులో రుచించేది ఏమీ లేదు. అచ్చుకు పంపే ముందు అవ్వకు చదివి వినిపించాను. ఆమె విని, "ఇది ముందే రాసి ఉంటే నా రేడియో అటకెక్కేది కాదు గదా నాయనా" అన్నారు. రెండవసారి పరికరం ధరించిన రాత్రి ఆమె ఫోనును గోడవైపు పీటమీద పెట్టి, గంట శబ్దం పెంచుకొని పడుకొన్నారు. కొడుకు పిలిచాడు. స్పీకరులో మాట్లాడారు. ఆ రాత్రి నమోదు మొత్తం చదవడానికి వీలుగా వచ్చింది.

పరాయి ఊళ్ళలో పనిచేసే పిల్లల గొంతు మన తల్లులకు ఆ ఫోనులోనే వినిపిస్తుంది. దానిని వారి చేతి నుంచి తీసుకోమని ఎవరూ అనరు. గుండె మాట కూడా వైద్యునికి వినిపించాలి. రెండూ వినిపించడానికి మూరెడు చోటు చాలు.

ఇక్కడ విన్న మీలో ప్రతి ఒక్కరూ, పరికరం తగిలించుకొన్నవారు ఉన్న ఇంటికి వెళ్ళి ఈ ఒక్క కొలత చెప్పండి. కరపత్రంలో ఏ మాటైనా అర్థం కాకపోతే మాకు తెలియజేయండి. మార్చడానికి మేము సిద్ధంగా ఉన్నాము.